మరబోట్ల లైసెన్సు రుసుమును ఏ కొలతతో నిర్ణయిస్తే న్యాయం?

ప్రశ్న: జెట్టీ గుమస్తా

మిత్రులకు నమస్కారం. విశాఖపట్నం చేపల రేవులో మరబోట్ల యజమానుల సంఘం ఒకదానికి నేను లెక్కలు రాస్తాను. లైసెన్సు, రిజిస్ట్రేషను రుసుములను సవరించవలసి వస్తే ఏ ప్రాతిపదిక మీద సవరించాలో చెబుతూ ఒక వినతిపత్రం సిద్ధం చేసే పని సంఘం నాకు అప్పగించింది. సంఘంలో ఒక్క సోనా బోటు (ఒక రకం చిన్న ట్రాలరు) మీద బతికేవారూ ఉన్నారు, ఇరవై మీటర్లు దాటిన ట్రాలర్లు నాలుగైదు నడిపేవారూ ఉన్నారు. బోటుకు ఇంత అని అందరికీ ఒకే మొత్తం ఉండాలని పెద్దబోట్లవారు, పొడవును బట్టి ఉండాలని చిన్నబోట్లవారు పట్టుబడుతున్నారు. పట్టిన సరుకు విలువలో ఇంత శాతం అని తీసుకుంటే గొడవే ఉండదని ఇంకొందరు అంటున్నారు.

ఇవి కాక నాకు రెండు సందేహాలు ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధమే కదా, ఆ కాలానికి కూడా మేము రుసుము కట్టినట్టే అవుతుందా? మా పెద్దబోట్లు చాలాసార్లు 12 నాటికల్ మైళ్ళు దాటి వెళ్ళి వేటాడతాయి. అక్కడ రాష్ట్రానికి అధికారం లేనప్పుడు రాష్ట్రం మా దగ్గర తీసుకునే రుసుము దేనికి? తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి.

జవాబు: న్యాయవాద మిత్రుడు

గుమస్తా గారూ, రుసుముకూ పన్నుకూ ఉన్న తేడా దగ్గర మొదలుపెట్టండి, మీ వినతిపత్రానికి అదే పునాది. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు ఈ రెండింటినీ విడదీసి, ప్రతిఫలంగా ఫలానా సేవ చేస్తానని చెప్పనక్కరలేకుండా వసూలు చేసేది పన్ను అనీ, ఒక సేవకు బదులుగా తీసుకునేది రుసుము అనీ చెప్పింది. 1983లో మన రాష్ట్ర మార్కెట్ కమిటీల రుసుము మీద వచ్చిన శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో, వసూలుకూ సేవకూ పైసాతో సహా లెక్క కుదరనక్కరలేదు, స్థూలంగా సంబంధం ఉంటే చాలునని అదే కోర్టు సడలించింది. 1999లో సికింద్రాబాదు, హైదరాబాదు హోటళ్ళ యజమానులు వేసిన కేసు మీకు ఇంకా దగ్గరది. లైసెన్సు రుసుము కేవలం నియంత్రణ కోసమైతే ప్రత్యేకంగా సేవ చూపనక్కరలేదు గాని, అది మితిమీరి ఉండకూడదని అందులో తేలింది. కాబట్టి "మాకేమి సేవ చేస్తున్నారు" అని మాత్రమే అడిగితే మీ వాదన నిలబడదు. "నియంత్రణకు అయ్యే ఖర్చు ఎంత, మా దగ్గర తీసుకునేది ఎంత" అని అడగండి.

12 మైళ్ళ సందేహానికి జవాబు రాజ్యాంగంలోనే ఉంది. చేపల వేట రాష్ట్ర జాబితాలో 21వ అంశం, ప్రాదేశిక జలాలకు, అంటే ఆ 12 నాటికల్ మైళ్ళకు, ఆవల వేట కేంద్ర జాబితాలో 57వ అంశం. 2025 నవంబరులో కేంద్రం ప్రకటించిన నిబంధనల ప్రకారం ఆ జలాలు దాటాక 200 నాటికల్ మైళ్ళ వరకు ఉండే దేశపు ప్రత్యేక ఆర్థిక మండలంలో వేటాడే మరబోట్లు యాక్సెస్ పాస్ అనే అనుమతి పత్రం తీసుకోవాలి, దానికి రుసుము లేదు, సంప్రదాయ మత్స్యకారులకు ఆ పాస్ అవసరమే లేదు. అయినా మీ బోటు రాష్ట్ర జలాల మీదుగానే వెళుతుంది, రాష్ట్రపు రేవులోనే సరుకు దించుతుంది, ప్రమాదం జరిగితే కబురు మత్స్యశాఖకూ వెళుతుంది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద తీసుకునే లైసెన్సు ఈ పర్యవేక్షణకే తప్ప చేపల గుంపు మీద హక్కుకు కాదు. రేవు వాడకానికి కట్టే మొత్తాన్ని మాత్రం ఇందులో కలపకండి, అది వేరే పద్దు.

జవాబు: బోటు కొలతలవాడు

నేను చాలాకాలం బోట్లు కట్టే యార్డులో పనిచేశాను కాబట్టి కొలతల సంగతి మాత్రం చెబుతాను. అందరికీ ఒకే మొత్తం అనడం న్యాయం కాదని తేలికగానే కనబడుతుంది. మీటరుకు ఇంత అని పొడవును బట్టి తీసుకోవడం న్యాయంగా కనిపిస్తుంది గాని, అందులోనూ మోసం ఉంది. పది మీటర్ల బోటు, ఇరవై మీటర్ల బోటు ఒకే పోలికలో కట్టినవైతే పొడవు రెట్టింపే, కానీ వెడల్పూ లోతూ కూడా రెట్టింపవుతాయి కనుక లోపలి చోటు ఎనిమిది రెట్లవుతుంది. ఐసు, చేప, డీజిల్ పట్టేది ఆ చోటులోనే. పెద్ద బోటు ఎనిమిది రెట్ల చేపను తెస్తుందని నేను అనను, కానీ రెట్టింపు రుసుముతో అది బయటపడిపోవడం సరి కాదు. అందువల్ల పొడవుకు బదులు స్థూల టన్నేజీని (బోటు లోపలి మొత్తం చోటును బట్టి కట్టే కొలత), దానితోపాటు ఇంజను హార్స్‌పవరును లెక్కలోకి తీసుకోవాలని రాయండి.

శ్లాబులు మాత్రం వద్దని గట్టిగా రాయండి. పదిహేను మీటర్ల దగ్గర రుసుము ఒక్కసారిగా ఎగబాకితే ప్రతి యార్డులోనూ పద్నాలుగు మీటర్ల తొంభై సెంటీమీటర్ల బోట్లే తయారవుతాయి. కొలత గీత దాటకుండా అడుగుభాగం వెడల్పు చేసి, పైన గది పెంచి, అలలకు తట్టుకోలేని ఆకారాలు కడతారు. ఒక హద్దు వరకు నామమాత్రపు రుసుము, ఆపైన ప్రతి టన్నుకూ కొంచెం కొంచెంగా పెరిగే రుసుము అయితే ఎవరికీ దొంగకొలత చూపే అవసరం ఉండదు. హార్స్‌పవరు విషయంలో కాగితం మీద ఒక ఇంజను, బోటులో మరో ఇంజను ఉండే జబ్బు ఉందని మీకే తెలుసు. నిషేధ కాలంలో బోట్లన్నీ రేవులోనే ఉంటాయి, మరమ్మతులకు ఇంజనుగది మూతలు తీసే ఉంటాయి. తనిఖీ ఆ 61 రోజుల్లోనే పూర్తిచేసి, లైసెన్సు సంవత్సరం జూన్ 15న మొదలయ్యేలా మారిస్తే తనిఖీకని వేట ఆపుకోనక్కరలేదు. నిషేధానికి కూడా కడుతున్నామా అన్న మీ సందేహానికి నా జవాబు ఇదే: ఆ రెండు నెలలకు తగ్గింపు అడగడం కన్నా, ఆ రెండు నెలల్లోనే కాగితాల పని ముగించమని అడగడం మీకు లాభం.

పట్టిన సరుకు విలువలో శాతం అన్న ఆలోచన మంచిదే, కానీ ప్రతి వేలంపాటకూ నమ్మదగిన లెక్క ఉండే చోటే అది నడుస్తుంది. అమెరికా చట్టంలో మామూలు పర్మిట్ రుసుము దాన్ని జారీచేయడానికి అయ్యే పాలనా ఖర్చును మించకూడదు. కోటాలు ఇచ్చిన వేటల్లో మాత్రం ఖర్చు రాబట్టుకునేందుకు రేవు ధరలో 3 శాతం వరకు తీసుకుంటారు. కోటా ఉన్నవాడికి పట్టే చేపలో కొంత వాటా ముందే ఖాయమైంది కాబట్టి అక్కడ అది సబబు. మన దగ్గర కోటాలు లేవు, తూకాలు పూర్తిగా నమోదు కావు.

జవాబు: తీరంలో పుట్టినవాడిని

పెద్దలు అన్నీ బోటు వైపు నుంచే చూస్తున్నారు. మా నాన్నగారు తెప్ప మీద వేట చేశారు, ఇప్పుడు మా అన్నయ్యకు ఇంజను బిగించిన ఫైబర్ పడవ ఉంది. మరబోట్లు ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపలికి రాకూడదని నిబంధన ఉన్నా, రాత్రిపూట వచ్చి వలలు లాగుతాయి. ఒక తెల్లవారుజామున మా అన్నయ్య వేసిన వల కోసం వెళితే, తేలుబెండ్ల తాడు సగానికి తెగి తేలుతూ దొరికింది. మిగిలిన వల దొరకలేదు. ఆ వలకు చేసిన అప్పు తీరడానికి వాడికి ఏడాదిన్నర పట్టింది.

అందుచేత నా మనవి ఏమిటంటే, మరబోట్ల రుసుములో స్పష్టంగా చెప్పిన ఒక భాగం ఈ గీత దగ్గర గస్తీ పడవకు పోవాలి. రుసుము ఎక్కువ కట్టాం కనుక లోపలికి వస్తామనే వాదనకు చోటు ఇవ్వకండి. లైసెన్సు రుసుము వేరు, తప్పుకు జరిమానా వేరు. మా పడవలకు రుసుము నామమాత్రంగానే ఉండనివ్వండి గాని, కాగితం మాత్రం మాకూ ఉండాలి. పడవ తుపానులో కనబడకుండా పోయినప్పుడు ఫలానా నంబరు పడవ అని చెప్పలేకపోతే వెతికేవారు ఏమని వెతుకుతారు?

ఇంకొక మాట కూడా ఆలోచించండి. మరబోటుకు నెలకు 3,000 లీటర్ల వరకు డీజిల్ మీద లీటరుకు 9 రూపాయల రాయితీ ఉంది. పూర్తిగా వాడుకుంటే నెలకు 27,000 రూపాయలు, వేట సాగే పది నెలలకు 2,70,000 రూపాయలు. ఎక్కువ తాగే ఇంజనుకే ఎక్కువ రాయితీ అందుతుంది. రుసుము భారమా కాదా అని చూసేటప్పుడు దీన్ని పక్కన పెట్టి లెక్కవేయడం న్యాయమేనా?

జెట్టీ గుమస్తా (మళ్ళీ)

ముగ్గురికీ కృతజ్ఞతలు. టన్నేజీ మాట, నిషేధ కాలంలో తనిఖీ మాట, గస్తీకి ప్రత్యేక భాగం మాట వినతిపత్రంలో చేరుస్తున్నాను. రాయితీ లెక్కను కూడా దాచకుండా రాస్తాను, అది రాయకపోతే మా మిగతా లెక్కల్నీ ఎవరూ నమ్మరు.

మీ జవాబులు చదివాక నా పాత పుస్తకాలు తీసి చూశాను. ఒక వేట ముగిసి బోటు రేవుకు చేరాక సరంగు (బోటు నడిపే పెద్ద) ఎదుట రాసిన పేజీలో డీజిల్, ఐసు, బియ్యం, మంచినీళ్ళు వరుసగా ఉన్నాయి, వాటి కింద "కాగితాల ఖర్చు" అని నా చేతిరాతలోనే ఒక అంకె ఉంది. అది ఆ ఏడాది లైసెన్సు రుసుము. ఆ మొత్తాన్ని కూడా తీసివేశాకే మిగిలినదాన్ని యజమానికీ, బోటులో పనిచేసే కలాసీలకూ వాటాలు వేశాం. అంటే బోటు యజమాని పేరున వచ్చిన లైసెన్సుకు, ఆ బోటులో రవ్వంత హక్కు లేని కలాసీలు కూడా తలా కొంత కట్టారు. రాసింది నేనే గనుక ఇంతకాలం నాకు అది తప్పని తోచలేదు. రుసుము ఎంత న్యాయంగా నిర్ణయించినా అది ఎవరి వాటాలోంచి పోతుందో తేల్చకపోతే భారం చివరికి వారి మీదే పడుతుంది. అందుకని లైసెన్సు రుసుమును వేట ఖర్చులో రాయకూడదని, యజమాని వాటాలోంచే కట్టాలని మొదటి పేరాలోనే పెడుతున్నాను. దీనికి సంఘంలో ఎందరు ఒప్పుకుంటారో ఆదివారం సమావేశంలో తెలుస్తుంది.