విశ్రాంత రాష్ట్రపతి అనొచ్చా?

ప్రశ్న (జడ్పీ హైస్కూలు తెలుగు టీచరు):
తొమ్మిదో తరగతి పిల్ల అబ్దుల్ కలాం మీద వ్యాసం రాస్తూ "విశ్రాంత రాష్ట్రపతి" అని రాసింది. వాళ్ల తాతయ్య విశ్రాంత తహసీల్దారట. గేటు మీద బోర్డు చూసి ఆ మాట పట్టుకుంది. నేను "మాజీ" అని దిద్దితే, "మాజీ అంటే ఓడిపోయినవాళ్లు కదా టీచర్, కలాం గారు ఓడిపోలేదుగా" అంది. గ్రూపులో పెద్దలు ఏమంటారు?

జవాబు (గుంటూరు, కాలేజీలో తెలుగు చెప్పి మానేసినవాణ్ణి):
దిద్దడం సరైనదేనమ్మా. తహసీల్దారుకు ఉద్యోగం దిగిపోయే వయసంటూ ఒకటుంది, ఆ రోజు వచ్చాక విశ్రాంతుడు. హైకోర్టు జడ్జీ అంతే. రాష్ట్రపతికి ముప్ఫై అయిదేళ్లు నిండి ఉండాలన్నారే గానీ ఇన్నేళ్లకు దిగిపోవాలని ఎక్కడా లేదు. గడువు ఐదేళ్లు, ఆ తర్వాత మళ్లీ నిలబడవచ్చునని రాజ్యాంగం 57వ అధికరణం చెబుతుంది. నిలబడి రెండోసారి గెలిచినది రాజేంద్రప్రసాద్ ఒక్కరే. మళ్లీ ఆ కుర్చీలో కూర్చునే వీలున్న మనిషిని విశ్రాంతుడని ఎలా అంటాం? పైగా కలాం గారి విషయంలో ఆ మాట మరీ అబద్ధం. 2007లో దిగిపోయాక షిల్లాంగ్, అహ్మదాబాద్, ఇండోర్ ఐఐఎంలలో పాఠాలు చెప్పారు. 2015 జులై 27న షిల్లాంగ్‌లో విద్యార్థుల ముందు మాట్లాడుతూనే కూలిపోయారు.

జవాబు (విజయవాడ):
పింఛను ఉంది కదండీ మరి? 1951 నాటి రాష్ట్రపతి జీతం, పింఛను చట్టం ప్రకారం జీతంలో సగం వస్తుంది. ఇప్పుడు జీతం నెలకు 5 లక్షలు, అంటే పింఛను రెండున్నర లక్షలు. ఇల్లు, వైద్యం, సిబ్బంది అదనం. పింఛను తీసుకునేవాళ్లని విశ్రాంత అనకపోతే ఎవర్నంటారు?

జవాబు (గుంటూరు):
ఎమ్మెల్యేలకూ పింఛను వస్తుంది నాయనా. విశ్రాంత ఎమ్మెల్యే అని ఎక్కడైనా విన్నావా?

జవాబు (హైదరాబాద్ పాతబస్తీ):
పిల్ల అడిగిన రెండో ముచ్చటకు ఎవరూ జవాబియ్యలే. మాజీ అంటే ఓడిపోయినోడు కాదు. అరబ్బీల గడిచిన కాలం. ఉర్దూ బడిల వ్యాకరణం చదివినోళ్లకు తెలుసు: మాజీ, హాల్, ముస్తక్‌బిల్. భూత, వర్తమాన, భవిష్యత్తులన్నట్టు. నిజాం రూపాయిని హాలీ సిక్కా అన్నది ఆ హాల్ నుంచే, అంటే ఇప్పుడు నడుస్తున్న నాణెం అని. ఇంకో సంగతి చూడుండ్రి: ఉర్దూ పత్రికలు ప్రతిభా పాటిల్‌ను, కోవింద్‌ను "సాబిక్ సదర్", అంటే మునుపటి అధ్యక్షులు, అనే రాస్తయి. మాజీని పదవి ముందర పెట్టి వాడుకుంటున్నది మనమే.

జవాబు (హిందూపురం):
మనమొక్కరమే కాదన్నా. మా పక్క కన్నడమోళ్లు "మాజి రాష్ట్రపతి" అంటారు, ఇప్పుడున్నోళ్లనీ దిగిపోయినోళ్లనీ కలిపి "హాలి మాజి" అంటారు. మరాఠీలో "ఆజీ మాజీ". మనకు "తాజా మాజీ" ఉండనే ఉంది, సర్పంచి గడువు ముగిసిన మర్నాడే పేపర్లో పడుతుంది. తమిళానికి పోతే మున్నాళ్, మలయాళానికి మున్. దక్కనులో పారశీలో నడిచిన సర్కారు కచేరీల నీడ పడిన ఈ మూడు భాషలకీ మాజీ అట్లా అంటుకుందని నా లెక్క.

మా జిల్లా ఆయన సంగతి కూడా ఒకటి. నీలం సంజీవరెడ్డికి ఏ మాజీ పెట్టాల? 1956లో ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి, రెండుసార్లు లోక్‌సభ స్పీకరు, 1977 నుంచి 82 దాకా రాష్ట్రపతి. పెద్ద పదవి ఒక్కటే రాసి మిగతావి మింగేయడం వాడుక. ఆయనేమో దిగిపోతా దేశానికి చేసిన చివరి ప్రసంగంలో ప్రభుత్వాలు జనం బతుకులు బాగుచేయలేదని, గట్టి ప్రతిపక్షం కావాలని చెప్పి మరీ వచ్చినాడు. బెంగుళూరులో ఉండమని అప్పటి కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే పిలిచినా పోకుండా అనంతపురంలో తన పొలానికి చేరినాడు. విశ్రాంత అనే మాట ఎవరికన్నా సరిపోతే ఆయనకే సరిపోవాల. మా ఇంట్లో మాత్రం చనిపోయిందాకా "రాష్ట్రపతి సంజీవరెడ్డి" అనే అనేవాళ్లు, మాజీ ఎవరి నోటా రాలేదు.

జవాబు (పేపరు డెస్కులో పనిచేసేవాణ్ణి, ఊరు వద్దు):
మాకు తలనొప్పి ఏ మాట అన్నది కాదు, దాన్ని ఎక్కడ పెట్టాలన్నది. "మాజీ రాష్ట్రపతి కార్యదర్శి" అంటే ఎవరు? దిగిపోయిన రాష్ట్రపతికి ఇప్పుడున్న కార్యదర్శా, రాష్ట్రపతి దగ్గర ఒకప్పుడు చేసిన కార్యదర్శా? మాజీలకు చట్టప్రకారం కార్యదర్శి ఉంటాడు కాబట్టి రెండర్థాలూ నిజమే. రెండోది చెప్పాలంటే "రాష్ట్రపతి మాజీ కార్యదర్శి" అనండి. 2018 జూన్‌లో ప్రణబ్ ముఖర్జీ నాగ్‌పుర్‌లో ఆరెస్సెస్ సభకు వెళ్లినప్పుడూ గొడవంతా ఇదే: వెళ్లినది మాజీ రాష్ట్రపతా, కాంగ్రెస్ మాజీ మంత్రా? ఒక్క మనిషే. శీర్షికలో ఏది పెడితే వార్త అటు ఒరుగుతుంది. కోవింద్ గారికి వచ్చేసరికి మాజీ అసలు మాయమే. ఒకే దేశం ఒకే ఎన్నిక మీద ఆయన కమిటీ 2024 మార్చిలో 18,626 పేజీలు ఇచ్చింది. మేం రాసింది "కోవింద్ కమిటీ" అని. ప్రభుత్వం వేసిన కమిటీకి మాజీ రాష్ట్రపతి అధ్యక్షుడిగా ఉండొచ్చా అన్న ప్రశ్న ఆ రెండు మాటల్లో కనపడకుండా పోయింది. నాకైతే అక్కడ మాజీ రాయడమే నిజాయితీ.

జవాబు (విజయవాడ):
రాజకీయం వద్దండీ, గ్రూపు నియమం. హిందీవాళ్ల "భూతపూర్వ" తెచ్చుకుంటే పోలా?

జవాబు (గుంటూరు):
తెలుగువాడి చెవికి భూతం ముందు వినపడుతుంది, పూర్వం తర్వాత. అచ్చమైన సంస్కృతమే కావాలంటే పాణిని దగ్గరే మందుంది. "భూతపూర్వే చరట్" అని సూత్రం. ఒకప్పుడు అలా ఉండి ఇప్పుడు లేనివాడికి చివర చర చేరుతుంది. ఆఢ్యచరుడంటే ఒకప్పటి ధనవంతుడు. ఆ లెక్కన కలాం గారు రాష్ట్రపతిచరులు.

జవాబు (హిందూపురం):
చరుడంటే వేగు కదా, రాష్ట్రపతి పంపిన వేగులోడు అనుకుంటారు మాస్టారూ!

జవాబు (గుంటూరు):
అనుకుంటారు. అందుకే వాడమనడం లేదు, ఉందని చెబుతున్నాను. మాజీ మన నోట నలిగిన మాట, దాన్ని తీసేసి పెట్టేటంత మంచి మాట నాకింతవరకూ కనిపించలేదు.

టీచరు:
ధన్యవాదాలండీ. వ్యాసానికి పూర్తి మార్కులు వేశాను, ఆ మాట కింద గీత మాత్రం ఉంచాను. హాలీ సిక్కా ముచ్చట రేపు క్లాసులో చెబుతాను. మాస్టారూ, ఒక్క సందేహం. ప్రతిభా పాటిల్ గారిని మీ పాణిని ఏమంటాడు?

జవాబు (గుంటూరు):
రాష్ట్రపతిచరి. చరట్ చివర ఆ టకారం పెట్టింది స్త్రీలింగంలో ఈకారం రావడానికేనమ్మా.