వార్డులో నర్సుల సంఖ్యను ఎంతవరకు పట్టించుకోవాలి?

ప్రశ్న (సీతమ్మధార, విశాఖపట్నం):
మా నాన్నగారికి తుంటి ఎముక శస్త్రచికిత్స చేయించవలసి ఉండగా, నగరంలో రెండు ఆసుపత్రులు చూసి వచ్చాము. ఒకచోట గదులు, యంత్రాలు బాగున్నాయి. రెండోచోట వార్డులో నర్సులు ఎక్కువగా కనిపించారు. సర్జన్లు ఇద్దరూ అనుభవజ్ఞులే. నర్సుల సంఖ్యకు అంత ప్రాధాన్యం ఇవ్వవచ్చునా? ఇవ్వవలసి వస్తే ఆసుపత్రివారిని ఏమని అడగాలి?

జవాబు (స్టాఫ్ నర్సు, ఆరిలోవ):
తప్పక ఇవ్వండి. ఆపరేషను కొద్ది గంటల్లో ముగుస్తుంది, ఆ తరువాతి రోజులన్నీ నాన్నగారు నర్సుల చేతుల్లోనే ఉంటారు. మంచం దిగలేని పెద్దవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. తుంటి కదలకుండా తిప్పాలంటే ఇద్దరు మనుషులు కావాలి. రాత్రి వార్డు మొత్తానికి ఒకే సిస్టర్ ఉంటే మందులు, సెలైన్లు చూసుకునేసరికే తెల్లవారుతుంది కనుక, ముందుగా ఆగిపోయేది ఈ పనే. మా వృత్తివారికి రుచించకపోయినా ఇంకొక సంగతి చెబుతాను. ఊపిరి సలపని వార్డులో కేస్‌షీట్లు తిరగేస్తే, అందరి శ్వాసా నిమిషానికి 20 అనే రాసి ఉంటుంది. రోగి రొమ్మును చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టే వ్యవధి లేక వేసిన అంకె అది. పరిస్థితి విషమించేటప్పుడు చాలామందిలో బీపీ పడిపోకముందే శ్వాస వేగం పెరుగుతుంది. ఆ తొలి హెచ్చరిక అక్కడే చేజారిపోతుంది.

జవాబు (ఆసుపత్రి నిర్వహణ అధ్యాపకుడు):
సిస్టర్ గారి మాటకు పరిశోధన బలం ఉంది. పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల శస్త్రచికిత్స రోగులపై నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్కో నర్సుకు ఒక్కో రోగి అదనమైనకొద్దీ 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా తేలింది. ఇది సంబంధాన్ని చూపేదే తప్ప కారణాన్ని నిరూపించేది కాదనే అభ్యంతరం సరైనదే అయినా, 2014లో తొమ్మిది ఐరోపా దేశాల అధ్యయనమూ ఇంచుమించు అదే ఫలితాన్ని ఇచ్చింది.

అయితే నిష్పత్తి చెప్పగానే నమ్మవద్దు. బోధనాసుపత్రుల జనరల్ వార్డులకు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం 1:3, అంటే ముగ్గురు రోగులకు ఒక నర్సు అంటారు. అది మూడు షిఫ్టుల నర్సులనూ కలిపిన లెక్క; ఒక్కో షిఫ్టు లెక్కన అది 1:9. కాలిఫోర్నియా చట్టంలోని 1:5 మాత్రం ఏ క్షణంలోనైనా వార్డులో ఉండవలసిన లెక్క. రెండింటినీ పక్కపక్కన పెట్టి మనమే మెరుగనుకునేవారు ఎక్కువ. వారానికి 168 గంటలు, ఒక నర్సు పనిచేసేది 48 గంటలు. సెలవులను వదిలేసినా, ఒక్క స్థానంలో రాత్రింబవళ్లు మనిషి ఉండాలంటే ముగ్గురున్నర కావాలి.

జవాబు (మద్దిలపాలెం):
అందుచేత "మొత్తం ఎంతమంది నర్సులున్నారు?" అని అడగకండి. "ఆర్థో వార్డులో రాత్రి డ్యూటీకి ఎంతమంది, ఎన్ని మంచాలకు? వారిలో కౌన్సిల్ రిజిస్ట్రేషను ఉన్నవారెందరు, శిక్షణలో ఉన్న విద్యార్థినులెందరు?" అని అడగండి. వీలైతే రాత్రి తొమ్మిది దాటాక వెళ్లి చూడండి. పగలు విజిటర్ల వేళ కనిపించే సంఖ్యతో నిర్ణయానికి రావద్దు.