స్టిక్కరు 500 అంటోంది, ఆర్సీ 346 సీసీ అంటోంది: ఈ థండర్‌బర్డ్ ఏ ఏడాదిది, ఇంజిన్ ఏది?

ప్రశ్న (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. దూర ప్రయాణాలకు పనికొచ్చే సెకండ్‌హ్యాండ్ బండి కోసం ఆరు నెలలుగా వెతుకుతుండగా హైదరాబాదులో ఒక రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ నచ్చింది. నంబరు ఏపీ 29 సిరీస్‌లో ఉంది. అమ్ముతున్నవారు రెండో యజమాని. ఇది 2013 మోడల్ అనీ, 500 సీసీ బండి అనీ ఆయన చెబుతున్నారు. పక్క మూత మీద 500 అన్న స్టిక్కరు కూడా ఉంది. అయితే ఆయన పంపిన ఆర్సీ ఫొటోలో తయారీ 11/2012 అనీ, రిజిస్ట్రేషన్ 2013 మార్చి అనీ, ఇంజిన్ సామర్థ్యం 346 అనీ కనిపిస్తోంది. ఇదేమిటని అడిగితే, మొదట రిజిస్టర్ చేసినప్పుడే పొరపాటుగా ఎక్కించారని ఒకసారి, పాత యజమాని బోరు (సిలిండరు లోపలి వెడల్పు) పెంచి 500 చేయించారని ఇంకోసారి అన్నారు. చాసిస్ నంబరులో పదో అక్షరం సి. ఈ బండిని నేను ఏ సంవత్సరానిదిగా లెక్కపెట్టుకోవాలి? అందులో ఉన్నది ఏ ఇంజిన్ అన్నది విప్పకుండా తెలుసుకునే దారి ఉందా? ఆదివారం స్వయంగా వెళ్లి చూడబోతున్నాను.

జవాబు (వరంగల్)

విప్పనక్కరలేదండీ, పది నిమిషాలు దగ్గర కూర్చుని చూస్తే తేలిపోతుంది. ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. థండర్‌బర్డ్ అన్న ఒకే పేరు మీద మూడు రకాల ఇంజిన్లు వచ్చాయి. 2000ల మొదట్లో వచ్చిన బండ్లలో ఆస్ట్రియాకు చెందిన ఏవీఎల్ సంస్థ సహకారంతో తయారైన 346 సీసీ లీన్ బర్న్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ కలిపి మండించే) ఇంజిన్ ఉండేది. అందులో గేర్‌బాక్సు వేరే డబ్బాగా ఇంజిన్ వెనుక బిగించి ఉంటుంది కనుక, రెండింటి మధ్య సందు కంటికే కనిపిస్తుంది, ఆయిలు కూడా దేనిది దానికే పోయాలి. 2008–09 ప్రాంతంలో దాని స్థానంలో అదే 346 సీసీలో యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్ ఇంజిన్) వచ్చింది, వాడుకలో 350 అనేది దీన్నే. ఇందులో ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్సు అన్నీ ఒకే కేసులో ఉంటాయి, ఆయిలు ఒక్కటే, వాల్వులను కదిలించే టాపెట్లు హైడ్రాలిక్‌వి కాబట్టి టాపెట్ సెట్టింగు అన్న పనే ఉండదు. 2012 అక్టోబరులో 499 సీసీ ఇంజిన్‌తో థండర్‌బర్డ్ 500 విడుదలైంది.

మీకు చిక్కు వచ్చింది సరిగ్గా ఇక్కడే. 500 వచ్చిన సమయంలోనే 350కి కూడా అదే కొత్త రూపం ఇచ్చారు: 20 లీటర్ల ట్యాంకు, ప్రొజెక్టర్ హెడ్‌ల్యాంపు, ఎల్ఈడీ టెయిల్ ల్యాంపు, రెండు ముక్కల సీటు. అందువల్ల పది అడుగుల దూరం నుంచి చూస్తే నేను కూడా తేడా చెప్పలేను. స్టిక్కరు మాట అసలు లెక్కలోకి తీసుకోకండి, అది ఏ స్టిక్కరు దుకాణంలోనైనా వేస్తారు.

మార్చలేనివి రెండున్నాయి. మొదటిది స్పార్క్ ప్లగ్గులు. 350 యూసీఈ ఇంజిన్‌కు హెడ్డుకు (సిలిండరు పైభాగానికి) ఇరువైపులా ఒక్కొక్కటి చొప్పున రెండు ప్లగ్గులు ఉంటాయి, ట్విన్‌స్పార్క్ అన్న పేరు అందుకే వచ్చింది. 500కు ఒకే ప్లగ్గు. రెండోది పెట్రోలు వెళ్లే పద్ధతి. 350కి కార్బురేటర్ ఉంటుంది. 500 ఇంజెక్షన్ బండి, అంటే పెట్రోలును పంపు ఒత్తిడితో చిమ్ముతుంది; తాళం తిప్పగానే ట్యాంకులోని పంపు ఒకటి రెండు సెకన్లు గుయ్‌మని తిరిగి ఆగుతుంది, మీటరులో ఇంజిన్ దీపం వెలిగి ఆరుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, చుట్టూ సందడి లేని చోట వినండి.

ఇక బోరు పెంచి 500 చేశారన్న మాటను నేను నమ్మను. రెండు ఇంజిన్లలోనూ స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 90 మిల్లీమీటర్లే, కానీ 350కి బోరు 70, 500కు 84. మా షెడ్డుల్లో బోరు చేయడం అంటే అర మిల్లీమీటరు, మహా అయితే ఒక మిల్లీమీటరు మాట. 70 మిల్లీమీటర్ల సిలిండరును చెక్కి 84 చేయడానికి అందులో అంత లోహమే ఉండదు.

జవాబు (రాజమహేంద్రవరం)

ఇంజిన్ సంగతి పై సభ్యులు చెప్పారు కాబట్టి కాగితాల సంగతి నేను చెబుతాను. చాసిస్ నంబరులోని పదో అక్షరం సంవత్సరాన్ని సూచిస్తుంది: 2010కి ఏ, 2011కి బీ, 2012కి సీ, 2013కి డీ, ఇలా వరుసగా వెళ్తుంది. 2017కి హెచ్ అయితే 2018కి జే, ఎందుకంటే ఒకటి అంకెతో పొరపాటు పడకుండా ఐ అక్షరాన్ని వాడరు. మీ బండి సీ కనుక, ఆర్సీలోని 11/2012తో సరిపోతోంది. రిజిస్టర్ అయిన ఏడాదినే మోడల్ ఏడాదిగా చెప్పడం మన దగ్గర అలవాటైపోయింది గానీ, ధర మాట్లాడేటప్పుడు తయారీ తేదీనే పట్టుకోండి. ఆర్సీ గడువు మాత్రం రిజిస్ట్రేషన్ నుంచి 15 ఏళ్లు, అంటే 2028 మార్చి వరకు. ఏపీ 29 రంగారెడ్డి జిల్లా పాత సిరీస్, తెలంగాణలో టీఎస్ నంబర్లు 2014 జూన్‌లో మొదలయ్యాయి కాబట్టి అది కూడా ఈ తేదీలకు అడ్డు రాదు.

346 అన్నది పొరపాటున ఎక్కిందన్న మాట నాకు సమంజసంగా తోచలేదు. థర్డ్ పార్టీ బీమాలో 150 నుంచి 350 సీసీ వరకు ఒక తరగతి, 350 దాటితే ఇంకో తరగతి. ఇన్నేళ్ల బీమా కాగితాల్లో ఏ సీసీకి ప్రీమియం కట్టారో చూపించమని అడగండి, జవాబు అందులోనే దొరుకుతుంది. అంతకంటే ముఖ్యంగా, హ్యాండిల్ మెడ దగ్గర చెక్కిన చాసిస్ నంబరునూ, ఇంజిన్ కేసు మీద చెక్కిన నంబరునూ ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చండి. ఆ చోట కొత్త రంగు గానీ, గీకిన గుర్తు గానీ ఉంటే అక్కడితో బేరం ఆపేయండి. నిజంగానే 500 ఇంజిన్ తెచ్చి పెట్టి ఉంటే దాన్ని ఆర్సీలో నమోదు చేయించి ఉండాలి. అలా చేయించని బండిని ఆంధ్రప్రదేశ్‌కు మార్పించుకునేటప్పుడు ఇబ్బంది పడేది మీరే.

జవాబు (బెంగళూరు)

నేను అదే కాలపు 350 నడుపుతున్నాను, అందుకని ఒక మాట చెప్పాలనిపించింది. ఇది 350 అని తేలితే నిరాశపడకండి. 500 ఇంజిన్ బండ్లను 2020లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చే సమయానికి మన దేశంలో ఆపేశారు. 350 యూసీఈ ఇంజిన్ మాత్రం బుల్లెట్‌లో 2023 వరకు కొనసాగింది కనుక దాన్ని విప్పి బిగించగల మెకానిక్ దాదాపు ప్రతి పట్టణంలోనూ దొరుకుతాడు. ఇద్దరు మనుషులు, సామాను, ఘాట్ రోడ్డు అన్నప్పుడు 500 లాగే బలం వేరు, అది ఒప్పుకోవాల్సిందే: 350కి సుమారు 20 అశ్వశక్తి అయితే 500కు సుమారు 27. కానీ రోజుకు మూడు నాలుగు వందల కిలోమీటర్లు నిదానంగా వెళ్లేవారికి 350 చాలు. 350కి 500 ధర ఇవ్వకండి, అంతే.

ప్రశ్న అడిగినవారు (విజయవాడ)

ఆదివారం వెళ్లి చూశాను. హెడ్డుకు రెండు వైపులా ప్లగ్గులు ఉన్నాయి, కార్బురేటర్ ఉంది, తాళం తిప్పితే పంపు శబ్దం లేదు. రెండు నంబర్లూ శుభ్రంగా ఉన్నాయి, ఆర్సీతో కలిశాయి. పాత బీమా కాగితాలన్నింటిలోనూ 346 సీసీకే ప్రీమియం కట్టారు. అవన్నీ ముందు పెట్టి మాట్లాడితే, తాను కొన్నప్పుడే ఆ స్టిక్కరు ఉందనీ, తనకూ 500 అనే చెప్పి అమ్మారనీ ఆయన ఒప్పుకున్నారు. 2012 నాటి 350గా లెక్కకట్టి ధర చెప్పమన్నాను, రెండు రోజులు గడువు అడిగారు.

జవాబు (రాజమహేంద్రవరం)

ఆయన ఒప్పుకుంటే, డబ్బు ఇచ్చే ముందే చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీసుకోండి, తెలంగాణ నుంచి నిరభ్యంతర పత్రం తెప్పించే బాధ్యత ఆయనదేనని రాయించుకోండి. స్టిక్కరు మాత్రం బండి మీ పేరుకు మారేలోపే తీయించేయండి.