హెచ్‌ఎస్‌ఆర్‌పీ (హై సెక్యూరిటీ నంబరు ప్లేటు) మీద పారదర్శక కవరు ఉండొచ్చా? కెమెరాకు నంబరు తప్పు పడితే ఏం చెయ్యాలె?

ప్రశ్న (రాజురా): కారు ఎమ్‌హెచ్ 34 (చంద్రపూర్ రిజిస్ట్రేషన్). గడ్‌చందూర్ దిక్కు రోజూ తిరుగుడు, సిమెంటు దుమ్ము మస్తుగ పడ్తది. ప్లేటు పాడుగావద్దని అక్రిలిక్ కవరు వేసిన. నల్లది కాదు, నంబరు సాఫ్‌గ కనిపిస్తది. ఇది కూడ తప్పేనా? ఆసిఫాబాద్, మంచిర్యాల పోతే కెమెరాలతోని తక్లీఫ్ అయితదా?

జవాబు (బల్లార్‌షా): అన్నా, తీసెయ్యండి. మన కంటికి కనిపించుడు వేరు, కెమెరాకు కనిపించుడు వేరు. రాత్రిపూట కెమెరా కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వేస్తది. ప్లేటు మీది మెరిసే పొర ఆ వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి కొడ్తది, నల్ల అక్షరాలు కొట్టవు. ఆ తేడాతోనే నంబరు చదువుతది. మధ్యల అక్రిలిక్ ఉంటే దాని గీతలు, మసక ఆ వెలుగును చెదరగొడ్తయి. ఎండకు కవరు పసుపు తిరుగుతది. ఇంకోటి, సిమెంటు దుమ్ము పక్కల సందులనుంచి లోపలికి పోయి వాన తేమకు ప్లేటు మీదనే గట్టిపడ్తది, పైనుంచి ఎంత కడిగినా పోదు. ప్లేటును కాపాడాలని వేసిన కవరే ప్లేటును తింటది.

పైగ ఎడమ పక్కన అశోక చక్రం హోలోగ్రామ్, కింద లేజర్‌తో చెక్కిన నంబరు ఉంటయి. అవి తనిఖీల సాఫ్‌గ కనపడాలె. కవరు అంచు సరిగ్గ వాటి మీదికే వస్తది. మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్ కింద మొదటిసారి 500, మళ్లీ దొరికితే 1500 దాకా జరిమానా. నంబరే మార్చినా, దాచినా మాత్రం జరిమానాతో పోదు, కేసు అయితది.

జవాబు (చంద్రపూర్): ఒక్క మాట కలుపుత. నంబరుల ఏ స్థానంల అక్షరం, ఏ స్థానంల అంకె ఉండాలో కెమెరా సాఫ్ట్‌వేర్‌కు తెలుసు, అందుకే 8ని బీ అనుకున్నా చాలావరకు సర్దుకుంటది. కాని అంకెను ఇంకో అంకె అనుకుంటే, 3ను 8, 1ని 7 అట్ల, పట్టుకునేటిది ఏమీ లేదు. మీ చలాన్ అదే సిరీస్‌ల ఇంకొకరికి పోతది, వాళ్లది మీకు వస్తది.

ప్రశ్న (రాజురా): తీసేటప్పుడు ప్లేటు ఖరాబు కాకుండ ఎట్ల?

జవాబు (బల్లార్‌షా): ముందు కవరు దేనితో ఆగిందో చూడండి. క్లిప్పులైతే ప్లాస్టిక్ పట్టీతో లేపండి, స్క్రూడ్రైవర్ వద్దు, పొర గీసుకపోతది. డబుల్ టేపు అయితే హెయిర్ డ్రయ్యర్‌తో రెండు నిమిషాలు వేడి చేసి, చేపల గాలం నైలాన్ దారం సందుల పెట్టి రంపం లెక్క లాగండి. మిగిలిన జిగురుకు కొబ్బరినూనె పూసి పావుగంట ఆగి గుడ్డతో తుడవండి. థిన్నర్, పెట్రోలు అస్సలు వద్దు, అక్షరాల మీది నల్ల పొర ఊడి వస్తది. సిమెంటు పొరకు తడి గుడ్డ అరగంట కప్పి, షాంపూ నీళ్లతో కడగండి. యాసిడ్ ముట్టొద్దు.

కవరు మీదనుంచే స్నాప్ లాక్ (ప్లేటును బండికి బిగించే తాళం) కొట్టి ఉంటే మాత్రం మీరు కొయ్యకండి. అది ఒక్కసారికే, విరిగితే మళ్లీ బిగించరాదు. నట్టు బోల్టు వేసుకున్నా చెల్లదు. ఈ ప్లేట్లు బిగించే ఫిట్‌మెంట్ సెంటర్‌కు తీసుకపోండి.

జవాబు (సిరొంచ): తప్పు చలాన్ వస్తే పైసలు కట్టకముందే ఫొటో తెరవండి. మహారాష్ట్ర చలాన్ సైటుల బండి నంబరుతోపాటు ఛాసిస్ లేదా ఇంజిన్ నంబరు చివరి నాలుగు అంకెలు అడుగుతది. తెలంగాణల పడ్డది తెలంగాణ పోలీసుల సైటులనే చూడాలె. ఫొటోల బండి మోడల్, రంగు, ప్లేటు అంకెలు మీదానితో సరిచూడండి. తేడా ఉంటే ఆర్‌సీ, మీ బండి ముందు వెనక ఫొటోలు పెట్టి, తప్పు పడ్డ అంకెకు గుండ్రం గీసి ఫిర్యాదు చెయ్యండి. కడితే ఒప్పుకున్నట్లే లెక్క.

జవాబు (బల్లార్‌షా): కవరు తీసినంక చీకట్ల పది అడుగుల దూరం నిలబడి ఫోన్ ఫ్లాష్‌తో ఫొటో తియ్యండి. తెల్లదనం అంతట ఒక్కతీరు మెరిసి, అక్షరాలు నల్లగ ఉండాలె. ఏ అంకె మీదనన్న మరక కనిపిస్తే అక్కడ ఇంక కడిగేది ఉంది. కడిగినా పోకపోతే పొర దెబ్బతిన్నట్టే, ఆ ప్లేటు మార్పుకు బుక్ చెయ్యండి.