అప్‌డేట్: మేపుల్ సిరప్‌కి 2×3 పాన్ తీసుకున్నాను

అమెరికాలోని వెర్మాంట్‌లో మా ఇంటి వెనక మేపుల్ చెట్లకు 25 ట్యాప్‌లు (చెట్టుకి రంధ్రం చేసి రసం కారడానికి పెట్టే చిన్న గొట్టాలు) పెడుతున్నాను, ఆ రసాన్ని మరిగించి సిరప్ చేయడానికి 2×3 అడుగుల పాన్ కొనాలా, 2×4 కొనాలా అని జనవరిలో అడిగాను. సీజన్ అయిపోయింది, ఏం జరిగిందో చెప్తాను.

"ట్యాప్‌ల లెక్క కాదు, పొయ్యి దగ్గర ఎన్ని గంటలు కూర్చోగలరో చూసుకోండి" అన్న సలహానే పట్టుకున్నాను. బాగా కారే రోజున ట్యాప్‌కి గ్యాలన్ (సుమారు 3.8 లీటర్లు) దాకా రసం వస్తుంది. చదును పాన్‌లో, మంట గట్టిగా ఉంటే, చదరపు అడుగుకి గంటకి దాదాపు గ్యాలన్ ఆవిరవుతుంది. అంటే ఆరు చదరపు అడుగుల నా పాన్‌లో 25 గ్యాలన్లకి నాలుగైదు గంటల పని. ఆఫీసు నుంచి వచ్చి మొదలుపెట్టినా రాత్రి పదకొండుకి అయిపోయేది.

పెద్దది ఎందుకు వద్దనుకున్నానంటే, మాడకుండా ఉండాలంటే పాన్‌లో రసం ఒకటిన్నర అంగుళాల లోతు ఉంచాలి. 2×4లో ఆ లోతుకే ఏడున్నర గ్యాలన్లు కావాలి. రసం తక్కువ వచ్చే రోజుల్లో అంత ఎక్కడి నుంచి తేను?

ఒక రాత్రి చల్లటి రసం ఒక్కసారిగా పోసేశాను, ఉడుకు పూర్తిగా ఆగిపోయింది. మర్నాడు పాన్ పైన చిన్న గిన్నె పెట్టి, అందులో వేడెక్కిన రసం సన్నటి ధారగా పడేలా చేశాను. నురగ అంచుదాకా పొంగితే బియ్యపు గింజంత వెన్న చాలు, చప్పున దిగిపోతుంది. అనకాపల్లి దగ్గర మా తాతగారు బెల్లం వండుతుంటే పక్కనే కూర్చునేవాణ్ణి. ఈ ఆవిరి వాసనకి ఆ రోజులే గుర్తొచ్చాయి.

చివరి పాకం మాత్రం వంటింట్లోనే, థర్మామీటర్ పెట్టి 219 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా. మొత్తం 230 గ్యాలన్ల రసానికి ఐదున్నర గ్యాలన్ల సిరప్ వచ్చింది. వచ్చే ఏడు 50 ట్యాప్‌లు పెడితే అప్పుడు 2×4 గురించి ఆలోచిస్తాను.