చార్టర్ స్కూళ్లలో ప్రత్యేక అవసరాల పిల్లల సాధన: శాతాలు పోలిస్తే చాలా?

స్వర్ణముఖి_ఎంఎడ్ (తిరుపతి):
డిసర్టేషన్ కోసం అమెరికాలో ఒక రాష్ట్రం డేటా దించుకున్నాను. ఐఈపీ (ప్రత్యేక విద్య కోసం ఒక్కో పిల్లవాడికి రాసే ప్రణాళిక) ఉన్న పిల్లల్లో లెక్కల్లో ‘ప్రొఫిషియెంట్’ (పరీక్షలో తగిన స్థాయి అందుకున్నవాళ్లు) అయినవాళ్ల శాతం మామూలు ప్రభుత్వ బడులకంటే చార్టర్ స్కూళ్లలో (ప్రభుత్వ డబ్బుతోనే నడిచే మరో రకం బడులు) ఎక్కువుంది. రెండు శాతాలకూ టి-టెస్ట్ (సగటులు పోల్చే గణాంక పరీక్ష) పెట్టి చార్టర్లే మేలని రాయొచ్చా? నక్షత్రం గుర్తున్న గళ్లను సున్నాగా తీసుకున్నాను.

పీలేరు_ఐఈఆర్‌పీ:
ముందు ఆ సున్నాలు తీసేయమ్మా. నక్షత్రం అంటే ఎవరూ గట్టెక్కలేదని కాదు. గుంపులో పిల్లలు మరీ తక్కువైతే ఎవరికెన్ని మార్కులో బయటపడిపోతుందని అంకె దాచేస్తారు. చార్టర్లలో చాలావరకు చిన్న బడులు, అందుకే ఈ గళ్లు అక్కడే ఎక్కువ. తరగతివారీ వదిలేసి స్కూలు మొత్తం అంకె తీసుకో. శాతాలకు టి-టెస్ట్ కూడా కాదు. పిల్లల సంఖ్యలుంటే కై-స్క్వేర్ (సంఖ్యలు పోల్చే పరీక్ష) పెట్టు.

ఏ టెస్ట్ పెట్టినా అసలు చిక్కు మాత్రం తీరదు. రెండుచోట్లా ఉన్నది ఒకే రకం పిల్లలు కారు. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2012 రిపోర్టు ప్రకారం 2009-10లో వైకల్యమున్న పిల్లలు చార్టర్లలో 8.2 శాతం, మామూలు ప్రభుత్వ బడుల్లో 11.2 శాతం. పైగా డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది) ఉన్న పిల్లా, తీవ్ర మేధో వైకల్యమున్న పిల్లా నీ ఫైల్లో ఒకే కాలమ్. రెండోవాళ్లు రాసేది వేరే పరీక్ష, ఆల్టర్నేట్ అసెస్‌మెంట్. అమెరికా బడుల మీద 2015లో వచ్చిన ఎస్సా చట్టం దానికి రాష్ట్రం మొత్తమ్మీద 1 శాతం హద్దు పెట్టింది. ఆ ఫలితాలు నీ ఫైల్లో కలిశాయో లేదో చూసుకో.

చిత్తూరు_గణాంకం:
ఇంకో మెలిక ఉంది: ఐఈపీ ముద్ర స్థిరంగా ఉండదు. బోస్టన్ చార్టర్లలో సీట్లకు తీసే లాటరీల మీద ఎలిజబెత్ సెట్రెన్ పరిశోధన చదవండి. అక్కడ చార్టర్‌లో చేరాక ఐఈపీ తీసేయడం ఎక్కువ. బాగుపడి ముద్ర పోయిన పిల్లవాడు లెక్కలోంచి జారిపోతాడు, మిగిలినవాళ్ల సగటు పడిపోతుంది. అందుకే ఆమె దరఖాస్తు నాటి ఐఈపీనే పట్టుకుని, లాటరీ తగిలినవాళ్లనీ తగలనివాళ్లనీ పోల్చారు. అలా చూస్తే ప్రత్యేక అవసరాల పిల్లల మార్కులూ బాగానే పెరిగాయి.

స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధన కేంద్రం క్రెడో 2023 దేశవ్యాప్త అధ్యయనంలో మాత్రం చార్టర్ పిల్లలు మొత్తమ్మీద కాస్త ముందుంటే, ప్రత్యేక విద్య పిల్లలు వెనకబడ్డారు. ఇవి రెండూ ఒకదాన్నొకటి కొట్టేయవు. లాటరీ తీసేది సీట్లకు మించి దరఖాస్తులొచ్చే బడుల్లోనే. క్రెడో చార్టర్ పిల్లవాడికి మామూలు బడి పిల్లవాణ్ణి జత కలిపేటప్పుడు పాత మార్కులూ, ప్రత్యేక విద్య ఉందా లేదా అన్నదీ చూస్తుంది. వైకల్యం ఏ రకం, ఎంత తీవ్రం అన్నది చూడదు.

స్వర్ణముఖి_ఎంఎడ్:
ఒక్కో పిల్లవాడి డేటా నాకెట్లా దొరుకుతుంది సార్? టాపిక్ మార్చుకోవాలా? మన ప్రైవేటు బడులతో పోలిక కూడా పెట్టమన్నారు.

పీలేరు_ఐఈఆర్‌పీ:
టాపిక్ ఉంచు, ప్రశ్న మార్చు. ‘ఏది మేలు’ అన్నది వదిలేసి, ఏ వైకల్యమున్న పిల్లలు ఏ రకం బడిలో ఎంతమంది చేరుతున్నారో చూడు. రాష్ట్రం రకంవారీ లెక్కలిస్తే ఆ పని చేయొచ్చు. ‘ప్రభావం’ అన్న మాట శీర్షికలో వద్దు.

ప్రైవేటు పోలిక అతకదు. చార్టర్ అంటే ఫీజు లేని, ప్రభుత్వ నిధులతో నడిచే బడి. వైకల్యమున్న పిల్లల చదువుకు అమెరికాలో ఉన్న ఐడియా చట్టం దానికీ వర్తిస్తుంది. వైకల్యం లెక్కా వేరే. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు, చాలా సౌకర్యాలకు 40 శాతం వైకల్యమున్నట్టు సర్టిఫికెట్ కావాలి. అక్కడ 13 విభాగాలు, శాతం ఊసే లేదు; వైకల్యం చదువుకు అడ్డమవుతోందా, ప్రత్యేక బోధన కావాలా అన్నదే చూస్తారు. రెండింటినీ ఒకే టేబుల్లో పెట్టావంటే వైవాలో మొదటి ప్రశ్న దానిమీదే.