ఏది ముందు: డిప్రెషనా, ఒంటరితనమా, తాగుడా?

ఎమ్మే సైకాలజీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. డిప్రెషన్ వచ్చినవాళ్లు నలుగురికీ దూరమైపోయి, ఆ ఒంటరితనం తట్టుకోలేక తాగుడుకి అలవాటు పడతారనేది నా డిసర్టేషన్ ఐడియా. డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9, యూసీఎల్‌ఏ ఒంటరితనం స్కేలు, తాగుడు ఎంత ముదిరిందో చూసే ఆడిట్, ఈ మూడు ప్రశ్నల ఫారాలూ కలిపి 200 మందికి ఒకేసారి ఇద్దామని. గైడ్ గారు "మీడియేషన్ ఎనాలిసిస్ చేసెయ్, అయిపోతుంది" అన్నారు (డిప్రెషన్ ప్రభావం మధ్యలో ఒంటరితనం మీదుగా తాగుడుకి చేరుతుందా అని చూసే లెక్క అది), కానీ నాకే నమ్మకం కుదరట్లేదు. ఎక్కడ దెబ్బ తింటానో చెప్పండి, మొహమాటం వద్దు.

జవాబు 1
మొహమాటం వద్దన్నారుగా, వినండి. పీహెచ్‌క్యూ-9 అడిగేది గత రెండు వారాల సంగతి. ఆడిట్‌లో సగం ప్రశ్నలు గడిచిన ఏడాది తాగుడు గురించి. అంటే మీ మోడల్లో మొన్నటి దిగులు, ఎప్పుడో ఆరు నెలల కిందట తాగినదానికి కారణమైపోతుంది! ఒక్కసారే తీసుకున్న డేటాలో ఏది దేనికి కారణమో చూపే బాణాలు ఎటు తిప్పినా లెక్క కుదురుతుంది, అదే దాంతో వచ్చిన చిక్కు. పైగా ఒంటరితనం మీద పరిశోధన చేసిన సైకాలజిస్టు జాన్ కాసియోప్పో బృందం మధ్యవయసు దాటినవాళ్లని ఐదేళ్ల పాటు గమనించి 2010లో రాసిన పేపర్‌లో, ముందు ఒంటరితనం, తర్వాత డిప్రెషన్ లక్షణాలు అన్న వరసే కనిపించింది, తిరగేస్తే కనిపించలేదు. డిప్రెషన్ నుంచి ఒంటరితనానికి వెళ్లే మీ మొదటి బాణం దానికి సరిగ్గా ఎదురు. వయసులు వేరనుకోండి, అయినా చదవండి. 200 మందిని ఒకసారి అడిగే బదులు 80 మందిని మూడుసార్లు అడగడం మేలు.

జవాబు 2
డీ-అడిక్షన్ వార్డులో కౌన్సెలర్‌ని. నిద్ర పట్టకపోవడం, నీరసం, ఆకలి, ధ్యాస కుదరకపోవడం, ఇవన్నీ పీహెచ్‌క్యూ-9లో ఉన్నాయి, రాత్రి బాగా తాగిన మనిషికి పొద్దున్నే ఉండేవీ ఇవే. చేరినప్పుడు ఆ ఫారంలో 19 స్కోరు వచ్చిన ఒకాయనకి, డిప్రెషన్ బిళ్లలేవీ మొదలుపెట్టకుండానే, మూడు వారాలు తాగకుండా ఉండేసరికి 7కి దిగింది. అందరికీ అలా దిగదు, అది కూడా చూశాను. కాబట్టి చివరిసారి ఎప్పుడు తాగారు, తాగుడు మొదలవకముందు ఇలాంటి దిగులు ఎప్పుడైనా వచ్చిందా, ఈ రెండూ తప్పకుండా అడగండి.

ఇంకోటి, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనే ఆలోచనల గురించి. దానికి ఎవరైనా అవునని పెడితే, నెల తర్వాత ఎక్సెల్‌లో చూసుకుంటే ఏం లాభం? అదే రోజు ఎవరు మాట్లాడాలి, ఎక్కడికి పంపాలి అన్నది ఫారాలు పంచకముందే తేల్చుకోండి.

జవాబు 3
పరిశోధన గురించి నాకు తెలియదు, తాగుడు మానేసి నాలుగేళ్లయింది. తాగే రోజుల్లో "ఒంటరిగా ఉంటున్నారా" అని ఎవరో ఫారం ఇస్తే లేదనే రాశాను, అబద్ధమేం కాదు, రోజూ సాయంత్రం ఐదుగురం కూర్చునేవాళ్లం. మానేశాక ఆ ఐదుగురూ ఫోన్ చేయడం ఆపేశారు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఏం చేయాలో తెలియక బట్టలు మడతపెట్టుకుంటూ, విప్పి మళ్లీ మడతపెట్టుకుంటూ ఉండేవాణ్ణి. నాకు ఒంటరితనం వచ్చింది అప్పుడు. మీ 200 మందిలో మానేసినవాళ్లు ఉన్నారా అసలు?

అడిగినవారు
లేరు సార్, నాకు తట్టనే లేదు. తొమ్మిదో ప్రశ్న సంగతి రేపే గైడ్ గారితో మాట్లాడతాను. మూడుసార్లంటే మాత్రం పేర్లు లేకుండా ఎవరి ఫారం ఎవరిదో ఎలా కలపాలి?

జవాబు 1
అమ్మ పేరులో మొదటి రెండక్షరాలు, పుట్టిన తేదీ, ఫోన్ నంబర్‌లో ఆఖరి రెండంకెలు కలిపి ఎవరి కోడ్ వాళ్లనే రాసుకోమనండి. మూడోసారికి చాలామంది రారు, మొదట్లోనే కాస్త ఎక్కువమందిని తీసుకోండి.